5 నుంచి 24 వోల్టుల వరకు మార్చుకోగల ఐసోలేటెడ్ పవర్ సప్లైకి ఫీడ్‌బ్యాక్ లూప్ ఎలా కట్టాలి

"12 వోల్టుల ఎస్‌ఎంపీఎస్‌లో టీఎల్431 దగ్గరున్న రెసిస్టర్ తీసి పొటెన్షియోమీటర్ పెట్టాను. పైకి తిప్పితే బాగానే ఉంది, కిందికి తిప్పితే ట్రాన్స్‌ఫార్మర్ కీచుమంటోంది, ఇంకాస్త తిప్పితే ఆగిపోతోంది, ఎందుకు?" విశాఖపట్నంలో ఈ ప్రశ్న నన్ను వదలడం లేదు. ప్రాజెక్టు చేసే ఇంజినీరింగ్ విద్యార్థులూ, గాజువాక ఆటోనగర్‌లో కంట్రోల్ బోర్డులు బాగుచేసేవారూ, ఫిషింగ్ హార్బర్‌లో బోట్ల ఎకో సౌండర్లను 12, 24 వోల్టుల మీద పరీక్షించవలసినవారూ దాదాపు ఇవే మాటల్లో అడుగుతున్నారు. అందరికీ ఒకేసారి అక్కరకు వస్తుందని వివరంగా రాస్తున్నాను.

జవాబు చిన్నదే. స్థిరమైన వోల్టేజి కోసం కట్టిన ఫీడ్‌బ్యాక్ (అవుట్‌పుట్‌ను కొలిచి కంట్రోలర్‌కు తిరిగి చెప్పే ఏర్పాటు) ఆ ఒక్క వోల్టేజిని ఆధారం చేసుకుని బతుకుతుంది. కంట్రోలర్‌కు సరఫరా ఇచ్చే సహాయక వైండింగ్ అవుట్‌పుట్‌తో పాటే పెరిగి తగ్గుతుంది. 12 వోల్టుల దగ్గర 15 వోల్టులిచ్చే ఆ వైండింగ్, అవుట్‌పుట్‌ను 8 వోల్టులకు తగ్గించగానే 10 వోల్టులకు దిగుతుంది, సరిగ్గా అక్కడే కంట్రోలర్ ఐసీ యూసీ3842 ఆగిపోతుంది. సెకండరీ వైపు, అంటే అవుట్‌పుట్ వైపు కూడా ఇదే కథ. ఆప్టోకప్లర్ (రెండు వైపులనూ తీగతో కలపకుండా కాంతితో సంకేతం దాటించే భాగం) ఎల్‌ఈడీకి సుమారు 1.2 వోల్టులు, వోల్టేజిని పోల్చే రిఫరెన్స్ ఐసీ టీఎల్431కు కనీసం 2.5 వోల్టులు పోగా 5 వోల్టుల అవుట్‌పుట్‌లో మిగిలేది 1.3 వోల్టులే, 24 దగ్గర అదే రెసిస్టర్ మీద 20 వోల్టులుంటాయి. కాబట్టి మార్చుకోగల సప్లైలో ఫీడ్‌బ్యాక్‌కు సొంత సరఫరా ఉండాలి, లూప్ లెక్క అన్నిటికన్నా కష్టమైన మూలలో, అంటే వోల్టేజి, లోడ్‌ల కొస స్థితిలో వేయాలి. కింద రాసిన ప్రతి అడుగూ ఈ రెండింటి కోసమే.

మొదలుపెట్టే ముందు ఒక హెచ్చరిక. ఈ బోర్డులో ప్రైమరీ వైపు 230 వోల్టుల మెయిన్స్ నుంచి వచ్చిన సుమారు 325 వోల్టుల డీసీ ఉంటుంది, ప్లగ్ తీసిన తరువాత కూడా పెద్ద కెపాసిటర్‌లో నిలిచే ఉంటుంది. మెయిన్స్ మీద పనిచేసిన అలవాటు లేనివారు ఇది ఒంటరిగా చేయకండి. వారికి సులువైన ప్రత్యామ్నాయం ఉంది: 28 వోల్టుల దగ్గర స్థిరంగా ఉండే, తయారుగా దొరికే ఐసోలేటెడ్ (మెయిన్స్ నుంచి విద్యుత్‌పరంగా విడిగా ఉండే) సప్లై కొని, దాని తరువాత ఐసోలేషన్ అక్కరలేని, వోల్టేజిని తగ్గించే బక్ మాడ్యూల్‌ను మార్చుకునే భాగంగా పెట్టుకోవడం. అప్పుడు ఆప్టోకప్లర్ లూప్‌ను మీరు తాకనే తాకరు. కొంత సామర్థ్యం పోయినా చాలామందికి అదే సరైన దారి అని నా అభిప్రాయం.

కావలసినవి

పవర్ భాగం మీ దగ్గర సిద్ధంగా ఉందనుకుని రాస్తున్నాను: 5 నుంచి 24 వోల్టులు, 2 ఆంపియర్ల ఫ్లైబ్యాక్ (ట్రాన్స్‌ఫార్మర్‌లో శక్తి నింపి, తరువాత అవుట్‌పుట్‌కు వదిలే కన్వర్టర్), ప్రైమరీ ఇండక్టెన్స్ 315 మైక్రోహెన్రీలు, ప్రైమరీ సెకండరీ చుట్ల నిష్పత్తి 6కు 1, స్విచింగ్ 66 కిలోహెర్ట్జ్‌లు, 800 వోల్టుల మాస్‌ఫెట్, 150 వోల్టుల షాట్కీ డయోడ్, అవుట్‌పుట్‌లో 1000 మైక్రోఫారడ్, 35 వోల్టుల లో-ఈఎస్‌ఆర్ (లోపలి రెసిస్టెన్స్ తక్కువగా ఉండే) కెపాసిటర్లు రెండు. మీ అంకెలు వేరైతే పద్ధతి ఇదే ఉంచి విలువలు మార్చుకోండి.

ఫీడ్‌బ్యాక్ కోసం: కంట్రోలర్ ఐసీ యూసీ3845 ఒకటి, రెండు ఆంప్లిఫయర్లుండే ఎల్‌ఎం358 ఒకటి, టీఎల్431 ఒకటి, బి ర్యాంకు పీసీ817 ఆప్టోకప్లర్లు మూడు, 7812 రెగ్యులేటర్లు రెండు, 230 నుంచి 15 వోల్టుల చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు రెండు (ఒకటి కాదు, రెండు; కారణం 2వ అడుగులో ఉంది), 10 కిలోఓమ్ లీనియర్ పొటెన్షియోమీటర్, 0.33 ఓమ్, 0.05 ఓమ్ షంట్ రెసిస్టర్లు, బీసీ557 ట్రాన్సిస్టర్, 1ఎన్4148 డయోడ్లు, 27 వోల్టుల, 8.2 వోల్టుల జీనర్లు, ఎర్ర ఎల్‌ఈడీ, మామూలు రెసిస్టర్లు, కెపాసిటర్లు.

పరీక్షకు: మల్టీమీటర్ రెండైతే మేలు, ఆసిలోస్కోప్, 100 వాట్ల ఫిలమెంట్ బల్బు, లోడ్‌గా 10 ఓమ్, 50 వాట్ల రెసిస్టర్లు, కెపాసిటర్ ఖాళీ చేయడానికి 10 కిలోఓమ్, 5 వాట్ల రెసిస్టర్‌కు గట్టిగా ఇన్సులేట్ చేసిన తీగలు.

ఆప్టోకప్లర్లు కొనేటప్పుడు పైన ముద్రించిన ర్యాంకు అక్షరం చూడండి. 5 మిల్లీఆంపియర్ల దగ్గర పీసీ817 కరెంటు బదిలీ నిష్పత్తి (ఎల్‌ఈడీ కరెంటులో ఎంత శాతం ట్రాన్సిస్టర్ కరెంటుగా వస్తుందో) ర్యాంకును బట్టి 50 శాతం నుంచి 600 శాతం వరకు ఉంటుంది. బి ర్యాంకుది 130 నుంచి 260. అక్షరం చూడకుండా తెచ్చుకుంటే లూప్ గెయిన్ ఎంతో మీ చేతిలో ఉండదు.

1. ముందు మూలలు రాసుకోండి

కాగితం మీద నాలుగు స్థితులు రాయండి: 24 వోల్టులు 2 ఆంపియర్లు, 24 వోల్టులు దాదాపు లోడ్ లేకుండా, 5 వోల్టులు 2 ఆంపియర్లు, 5 వోల్టులు దాదాపు లోడ్ లేకుండా. అన్నిటికన్నా కష్టమైనది ఏదని అడిగితే చాలామంది మొదటిదాన్ని చూపిస్తారు, అక్కడే పవర్ ఎక్కువ కాబట్టి. ఫీడ్‌బ్యాక్‌కు కష్టమైనది మూడోది.

ఎందుకంటే ట్రాన్స్‌ఫార్మర్‌లో నిలిచిన శక్తి సెకండరీలోకి ఖాళీ కావడానికి పట్టే సమయం అవుట్‌పుట్ వోల్టేజి మీద ఆధారపడుతుంది. అదే 2 ఆంపియర్లకు, డయోడ్ డ్రాప్‌తో కలిపి 24.7 వోల్టుల దగ్గర ఆ సమయం సైకిల్‌లో మూడో వంతైతే, 5.7 వోల్టుల దగ్గర దానికి రెట్టింపు పైన, అంటే దాదాపు 0.69 వంతు అవుతుంది. ఆన్ సమయంతో కలిపి సైకిల్ దాటకపోతే కన్వర్టర్ డిస్‌కంటిన్యుయస్ మోడ్‌లోనే (ప్రతి సైకిల్‌లో ట్రాన్స్‌ఫార్మర్ పూర్తిగా ఖాళీ అయ్యే స్థితిలోనే) ఉంటుంది, లూప్ తేలిగ్గా అదుపులోకి వస్తుంది. పై విలువలతో 5 వోల్టుల దగ్గర మొత్తం 0.79 దగ్గర ఆగుతుంది. మీ ట్రాన్స్‌ఫార్మర్‌తో ఇది 0.9 దాటితే ముందుకు వెళ్లకండి. ప్రైమరీ ఇండక్టెన్స్ తగ్గించండి, లేదా తక్కువ వోల్టేజి దగ్గర కరెంటు హద్దు తగ్గించండి. 24 దగ్గర నిమ్మళంగా ఉన్న సప్లై 5 దగ్గర కీచుమనడానికి తరచుగా ఇదే కారణం, కంపెన్సేషన్ కెపాసిటర్లు ఎన్ని మార్చినా అది పోదు.

2. రెండు వైపులా సొంత సరఫరా ఇవ్వండి

మొదటి చిన్న ట్రాన్స్‌ఫార్మర్, బ్రిడ్జి, 7812 కలిపి ప్రైమరీ వైపు యూసీ3845కు 12 వోల్టులిస్తాయి. ఈ ఐసీ 8.4 వోల్టుల దగ్గర మొదలై 7.6 దగ్గర ఆగుతుంది కాబట్టి 12 చాలు. యూసీ3842, యూసీ3844 అయితే 16 వోల్టులు దాటందే మొదలుకావు, 12తో అవి పనిచేయవు. దుకాణంలో "ఏదైనా ఒకటే" అంటే ఒప్పుకోకండి. రెండో ట్రాన్స్‌ఫార్మర్, రెండో 7812 సెకండరీ వైపు ఎల్‌ఎం358కు.

రెండు సెకండరీలున్న ఒకే ట్రాన్స్‌ఫార్మర్ తెచ్చి ఒకదాన్ని ప్రైమరీకీ, మరొకదాన్ని అవుట్‌పుట్ వైపుకూ వాడటం నేను చూసిన తప్పుల్లోకెల్లా ప్రమాదకరమైనది. మెయిన్స్ వైండింగ్‌కూ సెకండరీలకూ మధ్య మంచి ఇన్సులేషన్ ఉండవచ్చు. ఆ రెండు సెకండరీల మధ్య ఉండే ఎనామెల్ పూత మెయిన్స్‌ను ఆపడానికి చేసినది కాదు. బోర్డంతా సరిగ్గా కట్టి, ఐసోలేషన్‌ను ఆ ఒక్క చోట పోగొట్టుకున్నట్టే.

ఈ ఏర్పాటులో మరొక చిక్కుంది. సెకండరీ వైపు 12 వోల్టులు రాకపోతే ఆప్టోకప్లర్ ఎల్‌ఈడీ వెలగదు, ఎల్‌ఈడీ వెలగకపోతే కంట్రోలర్ పూర్తి పవర్ పంపుతుంది. దీన్ని ఆపడానికి రెండో పీసీ817 వాడండి. దాని ఎల్‌ఈడీని సెకండరీ 12 వోల్టుల నుంచి 8.2 వోల్టుల జీనర్, 1 కిలోఓమ్ గుండా వెలిగించండి. ప్రైమరీ వైపు దాని ట్రాన్సిస్టర్ 4.7 కిలోఓమ్ గుండా బీసీ557 బేస్‌ను కిందికి లాగాలి. ఆ బీసీ557 గుండానే యూసీ3845 7వ పిన్నుకు సరఫరా వెళ్లాలి. బేస్‌కూ ఎమిటర్‌కూ మధ్య 10 కిలోఓమ్ పెట్టడం మరవకండి. ఇప్పుడు సెకండరీ మేలుకోనిదే ప్రైమరీ కదలదు.

3. రిఫరెన్స్‌ను తిప్పండి, డివైడర్‌ను కదపకండి

టీఎల్431ను ఇక్కడ రిఫరెన్స్‌గా మాత్రమే వాడుతున్నాం. రెండు 10 కిలోఓమ్ రెసిస్టర్లతో దాన్ని 5 వోల్టులకు అమర్చి, 12 వోల్టుల నుంచి 2.2 కిలోఓమ్ గుండా కరెంటివ్వండి. ఆ 5 వోల్టులకూ గ్రౌండ్‌కూ మధ్య పొటెన్షియోమీటర్, దాని కింది కొసన 2.4 కిలోఓమ్. మధ్య పిన్ను ఎల్‌ఎం358 ప్లస్ ఇన్‌పుట్‌కు. అవుట్‌పుట్ నుంచి 39 కిలోఓమ్, గ్రౌండ్‌కు 10 కిలోఓమ్‌తో చేసిన డివైడర్ మధ్య బిందువు మైనస్ ఇన్‌పుట్‌కు. 4.9 రెట్ల ఈ డివైడర్‌తో అవుట్‌పుట్ సుమారు 4.7 నుంచి 24.5 వోల్టుల వరకు, తిప్పిన కోణానికి తగ్గట్టుగా సమానంగా మారుతుంది.

మధ్య పిన్ను నుంచి గ్రౌండ్‌కు 100 కిలోఓమ్, దానికి సమాంతరంగా 10 మైక్రోఫారడ్ తప్పనిసరి. పొటెన్షియోమీటర్ పాతబడి మధ్య పిన్ను తెగినప్పుడు ఆ 100 కిలోఓమ్ రిఫరెన్స్‌ను సున్నాకు లాగుతుంది, అవుట్‌పుట్ పడిపోతుంది. పాటును (పొటెన్షియోమీటర్‌ను) డివైడర్ పై భాగంలో పెట్టినవారికి సరిగ్గా దీనికి వ్యతిరేకం జరుగుతుంది. చాలా ఏళ్ల కిందట నా బల్ల మీదే, అలా కట్టిన సప్లైకి తగిలించిన 5 వోల్టుల బోర్డు ఒకటి క్షణంలో కాలిపోయింది. అది మరొకరి బోర్డు. అప్పటినుంచి పాటు తెగితే ఏమవుతుందన్న ప్రశ్నకు జవాబు రాసుకున్నాకే టాంకా మొదలుపెడుతున్నాను.

టీఎల్431 కాథోడ్ దగ్గర "శుభ్రంగా ఉంటుందని" 100 నానోఫారడ్ పెట్టకండి, ఆ చిన్న విలువలతో అది ఆసిలేట్ అవుతుంది. అసలేమీ పెట్టకపోవడమే మంచిది.

ఎల్‌ఎం358 చేతిలో లేదు, టీఎల్431తోనే ముగించాలి అనేవారు పాటును డివైడర్ కింది భాగంలో పెట్టండి. తెగితే వోల్టేజి తగ్గుతుంది, పైగా పై రెసిస్టర్ మారదు కనుక లూప్ గెయిన్ కూడా మారదు. తిప్పేటప్పుడు పై వోల్టేజీలన్నీ ఒక కొసన ఇరుక్కుంటాయి, అది భరించాలి.

4. ఆప్టోకప్లర్‌ను కలపండి

ఎల్‌ఈడీ వైపు: సెకండరీ 12 వోల్టుల నుంచి 1 కిలోఓమ్, పీసీ817 ఎల్‌ఈడీ, ఎర్ర ఎల్‌ఈడీ, 1ఎన్4148, చివర ఎల్‌ఎం358 అవుట్‌పుట్. కరెంటు ఎల్‌ఎం358లోకి దిగే దిశలో అన్నీ ఉండాలి. ఎర్ర ఎల్‌ఈడీకి రెండు పనులున్నాయి. ఎల్‌ఎం358 అవుట్‌పుట్ తన సరఫరా కంటే సుమారు 1.5 వోల్టుల తక్కువ వరకే పైకి వెళ్లగలదు కాబట్టి, ఎర్ర ఎల్‌ఈడీ మీద పడే 1.8 వోల్టులు లేకపోతే ఆప్టోకప్లర్ పూర్తిగా ఆరదు, పూర్తి పవర్ అందదు. రెండోది, అది వెలుగుతున్నంతసేపు లూప్ అదుపులో ఉన్నట్టు కంటికి తెలుస్తుంది.

ట్రాన్సిస్టర్ వైపు: కలెక్టర్‌ను యూసీ3845 8వ పిన్నుకు, అంటే 5 వోల్టుల రిఫరెన్స్‌కు, ఎమిటర్ నుంచి గ్రౌండ్‌కు 1 కిలోఓమ్, ఎమిటర్ నుంచే 10 కిలోఓమ్ గుండా 2వ పిన్నుకు, 2వ, 1వ పిన్నుల మధ్య మరొక 10 కిలోఓమ్. ఇలా చేస్తే 1వ పిన్ను వోల్టేజి 5 నుంచి ఎమిటర్ వోల్టేజి తీసివేసినంత ఉంటుంది. ఈ ఐసీలో 1వ పిన్ను 1.4 వోల్టుల కింద ఉంటే పల్స్ ఉండదు, 4.4 దగ్గర పూర్తి కరెంటు.

చాలా బోర్డుల్లో 2వ పిన్నును గ్రౌండ్ చేసి ఆప్టోకప్లర్‌తో 1వ పిన్నును నేరుగా కిందికి లాగుతారు. అదీ పనిచేస్తుంది, కానీ అప్పుడు లోపలి ఆంప్లిఫయర్ బయటికి తోయగల కరెంటే లోడ్ అవుతుంది, ఆ కరెంటు ఐసీకీ ఐసీకీ మారుతుంది. పై పద్ధతిలో గెయిన్ మీరు పెట్టిన 1 కిలోఓమ్ మీద ఆధారపడుతుంది, పైగా లోడ్ రెసిస్టర్ చిన్నది కనుక ఆప్టోకప్లర్ వేగం కూడా నిలుస్తుంది.

3వ పిన్నుకు 0.33 ఓమ్ షంట్ నుంచి 1 కిలోఓమ్, 470 పికోఫారడ్ ఫిల్టర్ గుండా తీసుకోండి. 4వ పిన్ను దగ్గర 13 కిలోఓమ్, 1 నానోఫారడ్. యూసీ3845 ఆసిలేటర్ వేగాన్ని సగం చేస్తుంది కాబట్టి స్విచింగ్ 66 కిలోహెర్ట్జ్‌లు వస్తుంది. ఈ సగం సంగతి మరచి రెండింతలు లెక్కవేసుకునేవారు చాలామంది ఉన్నారు.

5. కంపెన్సేషన్ విలువలు

ఇక్కడ కొంచెం లెక్క తప్పదు. 1వ పిన్ను ఒక వోల్టు పెరిగితే పీక్ కరెంటు దాదాపు ఒక ఆంపియర్ పెరుగుతుంది. డిస్‌కంటిన్యుయస్ మోడ్‌లో పీక్ కరెంటు నుంచి అవుట్‌పుట్‌కు గెయిన్, అవుట్‌పుట్ వోల్టేజిని పీక్ కరెంటుతో భాగిస్తే వస్తుంది: 24 వోల్టులు 2 ఆంపియర్ల దగ్గర 10, 5 వోల్టులు 2 ఆంపియర్ల దగ్గర సుమారు 4.4. చూడటానికి 24 దగ్గరే గెయిన్ ఎక్కువ. కానీ పోల్ (గెయిన్ తగ్గడం మొదలయ్యే ఫ్రీక్వెన్సీ) ఎక్కడుందో చూడండి. లోడ్ రెసిస్టెన్స్, 2000 మైక్రోఫారడ్, 3.14 గుణించి ఒకటిని దానితో భాగిస్తే, 24 వోల్టుల దగ్గర (12 ఓమ్‌లు) 13 హెర్ట్జ్‌లు, 5 వోల్టుల దగ్గర (2.5 ఓమ్‌లు) 64 హెర్ట్జ్‌లు. అందుచేత 1 కిలోహెర్ట్జ్ దగ్గరికి వచ్చేసరికి 24 వోల్టుల గెయిన్ 0.13కు పడితే 5 వోల్టులది 0.28. లూప్ అన్నిటికన్నా వేగంగా పరిగెత్తేది 5 వోల్టుల 2 ఆంపియర్ల దగ్గర అని ఇక్కడ తేలుతుంది. 24 వోల్టుల దగ్గర 0.1 ఆంపియర్ లోడ్‌కైతే అదే గెయిన్ 0.03 మాత్రమే.

ఎల్‌ఎం358 అవుట్‌పుట్ నుంచి మైనస్ ఇన్‌పుట్‌కు 120 కిలోఓమ్, 47 నానోఫారడ్ వరసగా పెట్టి, ఆ జంటకు సమాంతరంగా 270 పికోఫారడ్ పెట్టండి. ఆప్టోకప్లర్ నిష్పత్తి 100 శాతం దగ్గర ఉంటే ఫీడ్‌బ్యాక్ గెయిన్ 120ని 39తో భాగించినంత, అంటే 3.1. దీంతో క్రాసోవర్ (లూప్ గెయిన్ 1కి దిగే ఫ్రీక్వెన్సీ) 5 వోల్టుల పూర్తి లోడ్ దగ్గర సుమారు 860 హెర్ట్జ్‌లు, 24 వోల్టుల పూర్తి లోడ్ దగ్గర 410, 24 వోల్టుల 0.1 ఆంపియర్ దగ్గర 95 వస్తుంది. 47 నానోఫారడ్ ఇచ్చే జీరో (పోల్‌కు వ్యతిరేకంగా పనిచేసే చోటు) 28 హెర్ట్జ్‌ల దగ్గర, అంటే వీటన్నిటికంటే కింద ఉంది కాబట్టి ఫేజ్ మార్జిన్ (లూప్ ఊగకుండా ఉండే వెసులుబాటు) నిలుస్తుంది. 270 పికోఫారడ్ పోల్ 5 కిలోహెర్ట్జ్‌ల దగ్గర కెపాసిటర్ ఈఎస్‌ఆర్ జీరోను (రెండూ కలిపి 15 మిల్లీఓమ్‌లనుకుంటే 5.3 కిలోహెర్ట్జ్‌లు) రద్దుచేస్తుంది. డివైడర్ కింది 10 కిలోఓమ్ ఈ లెక్కలో రాలేదేమని అడుగుతారు: మైనస్ ఇన్‌పుట్ రిఫరెన్స్ దగ్గర కదలకుండా ఉంటుంది, కాబట్టి చిన్న మార్పులకు ఆ రెసిస్టర్ లేనట్టే.

మీ ఆప్టోకప్లర్ నిష్పత్తిని ఊహించుకోకండి, కొలవండి. 9 వోల్టుల బ్యాటరీ నుంచి 3.9 కిలోఓమ్ గుండా ఎల్‌ఈడీకి 2 మిల్లీఆంపియర్లు ఇచ్చి, కలెక్టర్‌కు 5 వోల్టులు 470 ఓమ్ గుండా ఇచ్చి, ఆ 470 మీద డ్రాప్ చూడండి. 0.94 వోల్టులుంటే 100 శాతం. 150 శాతం వస్తే 120 కిలోఓమ్‌ను 82 చేసి, 47 నానోను 68, 270 పికోను 390 చేయండి.

6. కరెంటు హద్దు, ఓవర్ వోల్టేజి రక్షణ

ఈ అడుగును ఐచ్ఛికమనుకోకండి. మామూలు ఫ్లైబ్యాక్‌లో అవుట్‌పుట్ షార్ట్ అయితే సహాయక వైండింగ్ పడిపోయి కంట్రోలర్ తనంతట తానే ఆగి ఆగి నడుస్తుంది. మనం కంట్రోలర్‌కు సొంత సరఫరా ఇచ్చాం కాబట్టి ఆ సహజ రక్షణ పోయింది. షార్ట్‌లో డయోడ్ నిరంతరం వేడెక్కుతూనే ఉంటుంది.

ఎల్‌ఎం358 రెండో సగాన్ని దీనికి వాడండి. సెకండరీ గ్రౌండ్‌ను లోడ్ నెగటివ్ టెర్మినల్ దగ్గర ఉంచి, 0.05 ఓమ్ షంట్‌ను దానికీ అవుట్‌పుట్ కెపాసిటర్ నెగటివ్‌కూ మధ్య పెట్టండి. షంట్‌కు కెపాసిటర్ వైపున్న కొస గ్రౌండ్ కంటే కిందికి దిగుతుంది. ఆ కొస నుంచి 1 కిలోఓమ్, 5 వోల్టుల రిఫరెన్స్ నుంచి 47 కిలోఓమ్ ప్లస్ ఇన్‌పుట్‌కు. మైనస్ ఇన్‌పుట్ నుంచి గ్రౌండ్‌కు 10 కిలోఓమ్, అవుట్‌పుట్‌కు 22 నానోఫారడ్. హద్దు సుమారు 2.1 ఆంపియర్లు. దీని అవుట్‌పుట్‌ను మరొక 1ఎన్4148 గుండా ఎర్ర ఎల్‌ఈడీ కాథోడ్‌కే కలపండి. రెండు ఆంప్లిఫయర్లలో ఏది కింద ఉంటే దాని మాట చెల్లుతుంది.

మూడో పీసీ817 ఈ లూప్‌తో ఏ సంబంధమూ లేకుండా పనిచేయాలి. అవుట్‌పుట్ నుంచి 27 వోల్టుల జీనర్, 1 కిలోఓమ్ గుండా దాని ఎల్‌ఈడీ. ట్రాన్సిస్టర్ యూసీ3845 1వ పిన్నుకూ గ్రౌండ్‌కూ మధ్య. మొదటి ఆప్టోకప్లర్ చచ్చిపోయినా అవుట్‌పుట్ 28, 29 వోల్టుల దగ్గర ఆగుతుంది, 35 వోల్టుల కెపాసిటర్లు బతుకుతాయి.

అవుట్‌పుట్‌కు అడ్డంగా 1 కిలోఓమ్, 1 వాట్ రెసిస్టర్ శాశ్వతంగా ఉంచండి. పాటును 24 నుంచి 5కు తిప్పినప్పుడు కెపాసిటర్లను ఖాళీ చేసేది అదే. లోడ్ లేనప్పుడు దిగడానికి మూడు సెకన్లకు పైగా పడుతుంది, అది లూప్ లోపం కాదు.

7. బోర్డు మీద అమరిక

ఆప్టోకప్లర్ల కింద రాగి ఏదీ ఉండకూడదు; ప్రైమరీ, సెకండరీ రాగి గీతల మధ్య కనీసం 6.4 మిల్లీమీటర్ల ఎడం ఉంచి, వీలైతే కింద గాడి కోయండి. విశాఖలో ఈ సలహాను నేను రెండుసార్లు చెబుతాను. బీచ్ రోడ్డుకు దగ్గరగా, పెద వాల్తేరు, ఎంవీపీ కాలనీ వైపు గాలిలో ఉప్పు తేమ ఉంటుంది. పోర్టు, గాజువాక వైపు దుమ్ము. కొన్ని నెలల్లోనే ఆ రెండూ కలిసి బోర్డు మీద సన్నని పొరగా పేరుకుని, వానాకాలంలో కరెంటు పాకే దారి అవుతాయి. ఫ్లక్స్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి, పూర్తిగా ఆరాక, పరీక్షలన్నీ ముగిశాక కన్ఫార్మల్ కోటింగ్ (బోర్డును కాపాడే పూత) వేయండి. మైనస్ ఇన్‌పుట్ దగ్గరి 39 కిలోఓమ్, 120 కిలోఓమ్‌ల చుట్టూ ఫ్లక్స్ మిగిలితే వోల్టేజి వాతావరణాన్ని బట్టి జరుగుతుంది. పాటు చెడిందనుకుని మార్చినవారున్నారు.

సెన్స్ తీగను అవుట్‌పుట్ కెపాసిటర్ దగ్గర నుంచే తీసుకోండి. రిపుల్ కోసం తరువాత చిన్న కాయిల్, కెపాసిటర్ పెట్టినట్టయితే వాటి తరువాత నుంచి తీసుకోకండి, ఫేజ్ అక్కడ పోతుంది.

8. మెయిన్స్ లేకుండా మొదటి పరీక్ష

ఇది చేయకుండా ఎవరూ మెయిన్స్ పెట్టవద్దని నా గట్టి మనవి. మాస్‌ఫెట్ సరఫరాను, అంటే 325 వోల్టుల భాగాన్ని విడదీయండి. యూసీ3845కూ, ఎల్‌ఎం358కూ చిన్న 12 వోల్టుల బ్యాటరీలు వేరువేరుగా పెట్టండి. పాటును 12 వోల్టులకు, అంటే ప్లస్ ఇన్‌పుట్ 2.45 వోల్టులు ఉండేలా అమర్చండి. ఇప్పుడు అవుట్‌పుట్ టెర్మినళ్లకు బయటి నుంచి మరొక చిన్న సప్లైతో వోల్టేజి ఇచ్చి నెమ్మదిగా పెంచండి.

11.8 దగ్గర 1వ పిన్ను 4.4 పైన ఉండాలి, ఎర్ర ఎల్‌ఈడీ ఆరి ఉండాలి. 12.2 దగ్గర 1వ పిన్ను 1.4 కిందికి రావాలి, ఎర్ర ఎల్‌ఈడీ వెలగాలి. దీనికి తలకిందులుగా జరిగితే ఎల్‌ఎం358 ఇన్‌పుట్లు తారుమారయ్యాయి. అలాగే మెయిన్స్ పెట్టి ఉంటే అవుట్‌పుట్ ఆకాశానికి ఎగిరేది. 12.2 దగ్గర 1వ పిన్ను 2 వోల్టుల దగ్గరే ఆగిపోతే ఆప్టోకప్లర్ నిష్పత్తి చాలదు. తరువాత ఎల్‌ఎం358 బ్యాటరీ తీసేయండి: యూసీ3845 7వ పిన్ను సున్నా కావాలి. పాటు మధ్య తీగ విప్పండి: ప్లస్ ఇన్‌పుట్ సున్నాకు దగ్గరగా రావాలి. చివరగా బయటి వోల్టేజిని 29 వరకు పెంచి మూడో ఆప్టోకప్లర్ 1వ పిన్నును లాగుతోందో లేదో చూడండి. ఈ చివరి పరీక్షకు మొదటి ఆప్టోకప్లర్ ఎల్‌ఈడీని తాత్కాలికంగా విప్పండి, లేకపోతే ఎవరు లాగారో తెలియదు.

9. మెయిన్స్‌తో

మెయిన్స్ తీగలో 100 వాట్ల బల్బు వరసగా పెట్టి, పాటును కనిష్ఠానికి తిప్పి, 5 వోల్టుల దగ్గర 47 ఓమ్ లోడ్‌తో మొదలుపెట్టండి. బల్బు ఒక్కసారి మెరిసి ఆరాలి. వెలుగుతూనే ఉంటే వెంటనే ఆపండి. బాగుంటే 24 వరకు మెల్లగా తిప్పండి. ఆ తరువాతే బల్బు తీసి పూర్తి లోడ్ ఇవ్వండి, బల్బు ఉండగా పూర్తి లోడ్ ఇస్తే మెయిన్స్ పడిపోయి లేని లోపాలు కనిపిస్తాయి.

ఆసిలోస్కోప్ గ్రౌండ్ క్లిప్‌ను సెకండరీ నెగటివ్‌కు మాత్రమే తగిలించండి. ప్రైమరీకి తగిలిస్తే మెయిన్స్ నేరుగా ఎర్త్‌కు షార్ట్ అవుతుంది. ప్రైమరీ చూడవలసివస్తే ప్లగ్ తీసి, కెపాసిటర్‌ను 10 కిలోఓమ్‌తో ఖాళీ చేసి, ఖాళీ అయినట్టు మీటర్‌తో చూసి, బ్యాటరీతో నడిచే మల్టీమీటర్ క్లిప్పులను ముందే బిగించి, ఆ తరువాత చేయి తీసి ప్లగ్ పెట్టండి. 1వ పిన్ను దగ్గర 24 వోల్టులు 2 ఆంపియర్లకు సుమారు 3.8 వోల్టులు, 5 వోల్టులు 2 ఆంపియర్లకు సుమారు 2.5 వోల్టులు కనిపించాలి. మొదటిది 4.3 దాటితే ట్రాన్స్‌ఫార్మర్‌లో నష్టం ఎక్కువ, లేదా ఇండక్టెన్స్ తక్కువ; లూప్‌కు పై వైపు చోటు లేదు.

10. లూప్ నిలకడ చూడటం

సులువైన పరీక్ష లోడ్ మార్పు. 0.2 నుంచి 1.5 ఆంపియర్లకు లోడ్‌ను మాస్‌ఫెట్‌తో సెకనుకు పది సార్లు కలుపుతూ తీస్తూ అవుట్‌పుట్‌ను ఏసీ కప్లింగ్‌లో చూడండి. 24 వోల్టుల దగ్గర పావు వోల్టు, 5 వోల్టుల దగ్గర 0.12 వోల్టు వరకు దిగి, ఒకే వంపుతో తిరిగి రావాలి. లోడ్ తేలికగా ఉన్న వైపు నుంచి మొదలవుతుంది కాబట్టి కొంచెం ఎక్కువ దిగినా దోషం కాదు. ఒకసారి కొద్దిగా దాటి సర్దుకున్నా ఫర్వాలేదు. మూడు నాలుగు సార్లు ఊగితే ఫేజ్ చాలడం లేదు. 5 వోల్టుల దగ్గర మాత్రమే ఊగితే 1వ అడుగుకు తిరిగి వెళ్లి డిస్‌కంటిన్యుయస్ మోడ్ దాటుతోందేమో చూడండి. అన్ని చోట్లా ఊగితే ఆప్టోకప్లర్ నిష్పత్తిని మళ్లీ కొలవండి. తేలిక లోడ్ దగ్గర మాత్రమే ఊగితే 47 నానోఫారడ్‌ను 100 చేయండి.

అంకెల్లో చూడాలనుకునేవారికి ఇక్కడ అదృష్టం కలిసివచ్చింది: క్రాసోవర్లన్నీ 50 నుంచి 900 హెర్ట్జ్‌ల మధ్య ఉన్నాయి కాబట్టి కంప్యూటర్ సౌండ్ కార్డు చాలు. అవుట్‌పుట్ ప్లస్‌కూ 39 కిలోఓమ్‌కూ మధ్య 22 ఓమ్ పెట్టి, చిన్న ఆడియో ట్రాన్స్‌ఫార్మర్ గుండా దాని మీద 30 మిల్లీవోల్టుల సైన్ తరంగం వేయండి. ఆ 22 ఓమ్ రెండు కొసలనూ సెకండరీ నెగటివ్‌తో పోల్చి కొలవండి. రెండు కొసల తరంగాలు సమానంగా ఉన్న ఫ్రీక్వెన్సీయే క్రాసోవర్, అక్కడ ఆ రెండింటి మధ్య ఫేజ్ తేడాయే మార్జిన్. 50 డిగ్రీల పైన ఉంటే నేను సంతృప్తి పడతాను. సౌండ్ కార్డు ఇన్‌పుట్‌కు ముందు 1 మైక్రోఫారడ్ కెపాసిటర్, ఎదురెదురుగా రెండు 1ఎన్4148లు లేకుండా 24 వోల్టుల దగ్గరికి తీసుకురాకండి. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడవాలి.

చివరగా మూడు మొరటు పరీక్షలు. అవుట్‌పుట్‌ను 24 దగ్గర తీగతో షార్ట్ చేసి ఐదు సెకన్లు ఉంచండి, కరెంటు 2.1 దగ్గర నిలవాలి, తీసేయగానే 24 దాటకుండా తిరిగి రావాలి. 12 వోల్టులకు అమర్చి కారు హెడ్‌లైట్ బల్బు పెట్టండి. చల్లని ఫిలమెంట్ కరెంటు హద్దును తాకిస్తుంది, అప్పుడు కీచు శబ్దం రాకూడదు. తరువాత 4700 మైక్రోఫారడ్, 35 వోల్టుల కెపాసిటర్‌ను అవుట్‌పుట్‌కు కలిపి, లోడ్ లేకుండా 24 దగ్గర గమనించండి. అక్కడ ఫేజ్ మార్జిన్ 35 డిగ్రీల దాకా పడిపోతుంది, అవుట్‌పుట్ ఒకటి రెండుసార్లు ఊగి ఆగుతుంది. మీరు పరీక్షించే పరికరాల ఇన్‌పుట్‌లో ఇంత పెద్ద కెపాసిటర్లు తరచుగా ఉంటాయంటే 47 నానోఫారడ్ బదులు 100 పెట్టి, లోడ్ మార్పు తరువాత సర్దుకోవడానికి పట్టే ఎక్కువ సమయాన్ని ఒప్పుకోండి.